ఫ్రీజర్‌లో పెడితే మన కప్ప మళ్లీ లేస్తుందా?

అలాస్కాలో కప్పలు గడ్డకట్టి చలికాలం పోగానే లేస్తాయట, కండలోని ఎంజైములే (ఒంట్లో రసాయన పనులు నడిపించే ప్రోటీన్లు) కారణమట, మన బోదురు కప్ప కూడా అలా లేస్తుందా అని మీ అబ్బాయి అడిగాడన్నారు. లేవదండీ. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టనీయకండి.

నేను చూశాను కాబట్టి చెప్తున్నా. చిన్నప్పుడు ఇందుకూరుపేట దగ్గర మా మామ రొయ్యల గుంటలో పట్టుబడి రోజు ఐసు దిమ్మ పగలగొడుతుంటే మధ్యలో కప్ప ఒకటి బయటపడింది, నీళ్లు పట్టేటప్పుడే డబ్బాలో పడినట్టుంది. బతుకుతుందేమోనని ఎండలో పెట్టి కాపలా కూర్చున్నాం. కరిగింది, అంతే. తొడ నొక్కితే వేలు లోపలికి దిగింది. మంచు ముక్కలు కణాల్ని లోపల్నుంచే చీల్చేస్తాయి.

మీ వాడు విన్న ఆ అలాస్కా కప్ప వేరే రకం, అడవి కప్ప (వుడ్ ఫ్రాగ్) అంటారు, ఉత్తర అమెరికాది. ఒంట్లో నీళ్లలో మూడింట రెండు వంతుల దాకా మంచయిపోతుంది, గుండె ఆగిపోతుంది. చర్మం మీద మంచు మొదలవగానే కాలేయం రక్తంలోకి గ్లూకోజ్ కుమ్మరిస్తుంది, దాంతో కణాల లోపలి నీరు గడ్డకట్టదు. ఇంతవరకు అందరూ చెప్పేదే. అసలు తిప్పలు కండకి. రక్తం రాదు, ఆక్సిజన్ లేదు, ఉన్న సరుకుతోనే నెలలు గడపాలి.

తర్వాత ఎనిమిదేళ్లు రొయ్యల ప్లాంటులో చేశాను, అక్కడ ఎంజైమంటే మాకు రొయ్య మీద అది తెచ్చే నల్ల మచ్చ. రొయ్య చచ్చినా, ఐసులో ఉన్నా, ఎంజైము తన పని మానదు, కాస్త నెమ్మదిస్తుందంతే. చలి ఒక్కటే చాలదని నాకు తెలిసింది అక్కడే. ఈ కప్ప చలి మీద వదిలేయదు, కండలో శక్తి వాడకాన్ని నడిపే క్రియేటిన్ కైనేజ్, హెక్సోకైనేజ్ లాంటి ఎంజైములకి ఫాస్ఫేట్ అనే చిన్న రసాయన ముక్క తగిలించి వాటి పనితీరే మార్చేస్తుంది, కరిగాక తీసేస్తుంది. కొత్త ఎంజైము తయారుచేసుకునే ఖర్చు లేదు. ఒట్టావాలోని కార్ల్‌టన్ యూనివర్సిటీలో కెనెత్ స్టోరీ బృందం ఏళ్ల తరబడి తవ్వింది దీన్నే. అలాస్కా కప్పలు మైనస్ 18 డిగ్రీల దాకా, ఏడు నెలల దాకా అలా గడిపినట్టు అలాస్కా యూనివర్సిటీ పరిశోధకులు 2014లో రాశారు.

మన నెల్లూరు కప్పకి చలితో పనేముంది, గండమంతా ఎండాకాలమే. మే నెలలో ఎండిన గుంట అడుగు తీయిస్తుంటే చెమ్మ పొరలో ముడుచుకుని ఉంటాయి, పార పక్కన పడితే బద్ధకంగా ఒక కాలు కదుపుతాయి. మీ వాడికి అది చూపించండి.