లిటిల్ మోర్టన్ హాల్ గీయబోయే మేనకోడలికి

అమ్మడూ,

ఇంగ్లండ్‌లో చెషైర్‌లోని పాతకాలపు కలప ఇల్లు లిటిల్ మోర్టన్ హాల్ చూసి, బొమ్మలు గీయడానికి వెళ్తున్నావని అక్క చెప్పింది. మంచి ఇల్లే ఎంచుకున్నావు. కాకపోతే వెళ్లీ వెళ్లగానే అగడ్త ఇవతల నిలబడి ఎలివేషన్, అదే బయటి ముఖం బొమ్మ, గీసేయకు. ఆ నలుపు తెలుపు చారలు చూసి మోసపోతావు. ఓక్ కలపకి మొదట్లో రంగే లేదు, వెండిలా నెరిసేది. కర్రల మధ్య పూసిన గోడ భాగాలకి పసుపుపచ్చ రంగు ఉండేది. ఈ నలుపు తర్వాతి కాలం వాళ్ల ముచ్చట.

నువ్వు పట్టుకోవాల్సింది బరువు. దక్షిణం వైపు గేటు ఉన్న భాగం 1560 ప్రాంతంలో కట్టారు. పైన అద్దాల కిటికీలతో పొడుగాటి గ్యాలరీ ఉంది చూడు, అది ఆలస్యంగా పుట్టిన ఆలోచన అయి ఉండొచ్చు. దాని కప్పు పెంకులు కూడా కాదు, ఇసుకరాతి పలకలు! ఆ బరువుకి కింది అంతస్తులు వంగాయి. తర్వాత ఉక్కు కడ్డీలు పెట్టి నిలబెట్టాల్సి వచ్చింది. అందుకే ముందు సెక్షన్, అంటే ఇంటిని నిలువుగా కోస్తే లోపల కనిపించే బొమ్మ, గియ్యి. కప్పు నుంచి దూలానికి, దూలం నుంచి స్తంభానికి, అక్కణ్ణుంచి రాతి పునాదికి బరువు ఎలా దిగుతోందో బాణం గుర్తులు పెట్టుకో. మేస్త్రీల తూకం గుండు ఒకటి పట్టుకెళ్లు. దూరంగా నిలబడి, చెయ్యి చాచి దారాన్ని వేలాడదీసి చూస్తే ఏ స్తంభం ఎటు ఒరిగిందో తెలిసిపోతుంది. ఫొటోలో లెన్స్ వంపేదో ఇంటి వంపేదో తేల్చుకోలేం.

గోడల్లో అడ్డంగా, ఏటవాలుగా ఉన్న కర్రలన్నీ బరువు మోస్తున్నాయనుకోకు. పువ్వుల్లా, వజ్రాల్లా కనిపించేవి చాలావరకు దర్పం కోసమే. అతుకుల దగ్గర మాత్రం తీరిగ్గా కూర్చో. పచ్చి ఓక్ దూలం కొసని సన్నగా చెక్కి, స్తంభంలో తొలిచిన గాడిలో దూర్చి, చెక్క మేకు కొట్టేవాళ్లు. కలప ఆరేకొద్దీ అతుకు బిగుస్తుంది. స్తంభాల మధ్య ఖాళీల్లో తడిక అల్లి మట్టి మెత్తేవాళ్లు, మన పల్లెల్లో లాగే.

లోపలి ముంగిట్లో కిటికీల మీద 1559 నాటి రాత చదువు. కట్టించిన విలియం మోర్టన్ పేరుతో పాటు వడ్రంగి రిచర్డ్ డేల్ పేరూ ఉంది. మన గుళ్లల్లో శిల్పి పేరు ఎంత అరుదో నీకు తెలుసుగా!

ఇల్లు పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థది, ఏడాది పొడుగునా తెరిచి ఉంచరు. తేదీలు చూసుకునే బయల్దేరు. సెక్షన్ పూర్తయ్యాక వాట్సాప్ చెయ్యి, ఎలివేషన్ సంగతి అప్పుడు మాట్లాడదాం.

మామయ్య