వేలమంది ఆడే ఆట బాగానే నడుస్తుంది, ఒకేచోట వందమంది చేరితే సర్వర్ ఎందుకు మొరాయిస్తుంది?

ఇలాంటప్పుడు "నీ నెట్ బాగోలేదు, పెద్ద ప్లాన్ వేయించుకో" అనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది. మా భీమవరంలో కేబుల్ ఆయన కూడా ఇదే మాట చెప్పి మాకు ఖరీదైన ప్లాన్ అంటగట్టాడు, ఒరిగిందేమీ లేదు.

మొన్న సంక్రాంతికి హైదరాబాద్, బెంగళూరు నుంచి దిగిన మా కుర్రాళ్ళందరం, బ్లాకులతో ఊళ్ళు కట్టే ఆటలో కోడిపందేల బరి కట్టాం. అద్దె సర్వర్ పాలకొల్లు బావది. ఎవరి మూలన వాళ్ళు కట్టుకుంటున్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. సాయంత్రం అందరం కోళ్ళను తోలుకొచ్చి బరి చుట్టూ మూగాం, అంతే. తీసిన తలుపు దానంతటదే మూసుకుపోతోంది, పగలగొట్టిన రాయి క్షణం ఆగి మళ్ళీ అక్కడే లేస్తోంది, నాలుగడుగులు వేస్తే లాక్కెళ్ళి మొదటి చోటే నిలబెడుతోంది. "నీ నెట్టేరా" అన్నాడు బావ. చూస్తే పింగ్, అంటే కబురు సర్వర్ దాకా వెళ్ళి తిరిగొచ్చే టైమ్, పొద్దున ఎంతుందో అంతే ఉంది! ఆటలో ఏం జరుగుతోందో సెకనుకు 20 సార్లు లెక్కకట్టాల్సిన సర్వర్ అందులో సగం కూడా కట్టలేకపోతోంది.

ఎందుకంటే, 10 మంది ఒకరికొకరు కనబడుతుంటే ఒక్కొక్కరి కదలికా మిగతా 9 మందికీ పంపాలి, అంటే 90 కబుర్లు. 100 మందైతే 9,900. అదీ సెకనుకు బోలెడు సార్లు. దూరదూరంగా ఉంటే ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పే పనే లేదు కాబట్టి వేలమందినైనా లాగించేస్తుంది. దీనికి తోడు ఎవరు ఎవరికి తగిలారు, ఎవరి దెబ్బ ముందు పడింది అన్నది వరసగా తేల్చాలి, మా కోళ్ళతో సహా.

ఇంకో మెషీన్ పెట్టొచ్చుగా అంటారు. మ్యాపునైతే ముక్కలు చేసి పంచొచ్చు, ఒక కొట్లాటను మధ్యకి కోయడం చాలా కష్టం. కొట్టినవాడు ఒక మెషీన్లో, తిన్నవాడు ఇంకోదాంట్లో ఉంటే ఆ రెండూ మాట్లాడుకోవడానికే టైమ్ సరిపోతుంది.

నా లెక్కలో దీనికి నిజాయితీగా దారి చూపింది అంతరిక్ష నౌకలతో ఆడే ఆట ఈవ్ ఆన్‌లైన్ వాళ్ళే. జనం ముంచెత్తితే అక్కడ ఆటలో కాలాన్నే నెమ్మది చేస్తారు, పదోవంతు దాకా. 2014 జనవరిలో ఆ ఆటలోని ఒక నక్షత్ర మండలం బి-ఆర్5ఆర్‌బి దగ్గర వేలమంది తలపడితే ఆ యుద్ధం సుమారు 21 గంటలు సాగింది. విసుగే, కాదనను. కానీ ఆ నెమ్మది అక్కడున్న అందరికీ ఒకటే. గెలిచే టైమ్‌కి సర్వర్ బయటికి తోసేసే ఆటలకంటే నాకు అదే వెయ్యి రెట్లు నయం.