టేకు ఓడకు టేకు వద్దు

ప్రశ్న: బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాను. బ్రిటిష్ నౌకాదళపతి నెల్సన్ ఎక్కిన ‘విక్టరీ’ యుద్ధనౌకకు చెక్కతో నమూనా చేయాలని ఎప్పటినుంచో కోరిక. పాత ఇంటి తలుపుల టేకు దాచి ఉంచాను. దాంతో చేయవచ్చా? ఏ స్కేలు మంచిది?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: విక్టరీని కొన్నాళ్ళు పక్కన పెట్టండి సార్. 104 ఫిరంగులు, మూడు అంతస్తులు. ప్రతి ఫిరంగికీ బండి, చక్రాలు, తాళ్ళు చేయాలి. సగానికి రాకముందే విసుగొచ్చి ఓడ అటకెక్కుతుంది.

‘ట్రింకోమలీ’ చేయండి. బొంబాయిలో జంషెట్జీ బొమన్‌జీ వాడియా కట్టిన ఫ్రిగేటు (విక్టరీకంటే చిన్న తరహా యుద్ధనౌక) అది, 38 ఫిరంగులది. 1817 అక్టోబరు 12న నీళ్ళలోకి దిగి, ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో ఇప్పటికీ తేలుతూనే ఉంది. దాని ప్లాన్లను మొదట ‘జావా’ అనే ఓడలో బొంబాయికి పంపితే, 1812లో అమెరికా వాళ్ళ ‘కాన్‌స్టిట్యూషన్’ యుద్ధనౌక ఆ ఓడను ఓడించింది. ప్లాన్లు దాంతోపాటే పోయాయి, మళ్ళీ పంపాల్సి వచ్చింది. విశాఖలో ఓడ గీతలను అసలు సైజులో నేలమీద గీసే మౌల్డ్ లాఫ్ట్‌లో పనిచేసినవాణ్ణి, ఈ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ టెన్షనే.

ఆ ఓడ మలబారు టేకుతో కట్టిందే. అయినా మీ తలుపులు వద్దంటాను. స్కేలులో పొడవు వెడల్పులు తగ్గుతాయి గానీ చెక్క చారలు తగ్గవు. టేకు చార ముతక, రంధ్రాలు కంటికి కనిపిస్తాయి. 1:64లో, అంటే అసలు ఓడలో 64వ వంతు నమూనాలో, మిల్లీమీటరు గీత అసలు ఓడ మీద 6.4 సెంటీమీటర్ల పగులుతో సమానం! పైగా ఆ చెక్కలో నూనె ఉంటుంది, జిగురు సరిగా పట్టదు. దాన్ని నమూనా కింద పెట్టే పీటకు వాడండి. ఓడకు మన ఏటికొప్పాక బొమ్మల అంకుడు కర్ర అడగండి. తెల్లగా, సన్నటి చారతో, చెక్కినా తరిణ పట్టినా నునుపుగా వస్తుంది. కొండపల్లి వాళ్ళ తెల్ల పొణికి మరీ మెత్తన. ముందు, వెనక వంపుల దగ్గర లోపలి ఖాళీలు నింపడానికి మాత్రం దాన్ని మించింది లేదు.

స్కేలు 1:64 పెట్టుకోండి. ఫిరంగుల అంతస్తు అసలు పొడవు 150 అడుగులు, మీకు సుమారు 71 సెంటీమీటర్లు వస్తుంది. ముందుకు పొడుచుకొచ్చే కొయ్య దీనికి అదనం. అద్దాల పెట్టె ఎక్కడ పెట్టాలో ముందే ఇంట్లో అడగండి.

ఏ సంవత్సరపు ఓడ చేస్తున్నారో కూడా ముందే తేల్చుకోవాలి. 1840ల్లో దీని వెనక భాగం ఆకారం మార్చి, ఫిరంగులు 26కు తగ్గించారు. 1817 నాటి ఓడకు ఆ తర్వాతి వెనక భాగం అతికిస్తే తెలిసినవాళ్ళు చూడగానే పట్టేస్తారు.

పక్క పలకలు అతికించేటప్పుడు ఎడమకొకటి, కుడికొకటి వేస్తూ పొండి. ఒక పక్కంతా ముగించి రెండో పక్కకు వస్తే కీల్ (ఓడ అడుగున వెన్నెముకలాంటి దూలం) మెలితిరుగుతుంది, తర్వాత ఎవరూ సరిచేయలేరు. ముందు భాగంలో ఓడ చుట్టుకొలత తక్కువ కనుక ప్రతి పలకనూ అటువైపు సన్నం చేయాలి. వేడినీళ్ళలో నానబెట్టి వంచి, పూర్తిగా ఆరాకే జిగురు పెట్టండి.

ప్రశ్న: చిన్న తెరచాప ఓడ చేశాను. తాళ్ళకు కుట్టుమిషన్ నూలుదారం వాడితే నూగు లేస్తోంది. ఏ తాడు ఎంత లావుండాలో కూడా తెలియడం లేదు.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నూలు మానేసి పాలియెస్టర్ దారం తీసుకోండమ్మా. తేనెమైనం ముక్క మీదుగా లాగితే మిగిలిన నూగు అణిగిపోతుంది. ఇక లావు సంగతి. ఆ కాలపు ఇంగ్లీషు లెక్కల్లో 9 అంగుళాల తాడంటే అది చుట్టుకొలత, అడ్డుకొలత కాదు. 3.14తో భాగించండి. 1:64లో 1.1 మిల్లీమీటర్ల దారం చాలు. ఇది తెలియక చాలామంది మోకుల్లాంటి తాళ్ళు కట్టేస్తారు.

తెరచాప కొయ్యలను నిలబెట్టే తాళ్ళకు తారు పూసేవారు, అవి నల్లగా ఉండాలి. తెరచాపలు లాగే తాళ్ళు లేత గోధుమరంగు. నావికులు ఎక్కే అడ్డతాళ్ళ మధ్య దూరం అసలు ఓడలో 13 అంగుళాలు అనుకుంటే మీకు 5 మిల్లీమీటర్లు. అట్టమీద ఆ దూరంలో గీతలు గీసి ఆ నల్ల తాళ్ళ వెనక నిలబెట్టుకుని, అన్నిటికంటే ముందు మధ్య తాళ్ళకు ముడులు వేసుకుంటూ రండి. బిగించి లాగారంటే పక్క తాళ్ళు లోపలికి వంగిపోతాయి.