యూదా ఎలా చనిపోయాడు: ఆ ప్రశ్నకు జవాబు

బ్రదర్, బైబిల్లో యేసును పట్టించిన శిష్యుడు యూదా ఉరేసుకున్నాడని మత్తయి 27:5లో, తలకిందులుగా పడి పొట్ట పగిలిందని అపొస్తలుల కార్యములు 1:18లో ఉంటే ఏది నిజమని నిలదీశారన్నారు కదా. ఉరి తాడు తెగి పడ్డాడన్న జవాబు పాతదే, కానీ ఆ మాట ఏ వచనంలోనూ లేదు. అది ఊహేనని మీరే ముందు ఒప్పుకోండి, లేకపోతే అక్కడే దొరికిపోతారు.

అసలు చిక్కు పొలం దగ్గరుంది. మత్తయిలో యేసును పట్టించినందుకు తీసుకుని అతను తర్వాత పారేసిన 30 వెండి నాణెములతో ప్రధాన యాజకులు కుమ్మరివాని పొలం కొన్నారు. కార్యములలో సంపాదించినది యూదాయే. అతని డబ్బు కాబట్టి అతనే కొన్నట్టు రాశారనవచ్చు. కానీ ఆ పొలానికి రక్తపు పొలమన్న పేరు రావడానికి కారణం మత్తయిలో యేసు రక్తానికి ఇచ్చిన వెల, కార్యములలో యూదా చావు. దీన్ని బలవంతంగా అతికించొద్దు. ద్రోహం, దుర్మరణం, పొలం పేరు విషయంలో రెండూ ఒకటే చెబుతున్నాయి, అక్కడ గట్టిగా నిలబడండి.

మత్తయి 27:9 కూడా చదివి వెళ్లండి. ఆ 30 నాణెముల గురించి ప్రవక్త ముందే చెప్పాడని అక్కడ ఉంది. ప్రవక్త పేరు యిర్మీయాదే అయినా మాటలు జెకర్యా 11:12-13కు దగ్గర. తర్వాత అడిగేది దాని గురించే కావచ్చు.