గుర్రం మీదుండగా కుక్క వెంటపడితే

సంక్రాంతికి ఇంగ్లండ్ నుంచి గుంటూరు వచ్చాను. బ్రాడీపేటలో మా అన్నయ్య వాళ్ల డాబా మీద బట్టలు ఆరేస్తుంటే కింది వాటాలో అమ్మాయి పైకొచ్చింది. తనూ నిరుడు ఇంగ్లండ్‌లో మాస్టర్స్‌లో చేరి, అక్కడ గుర్రపుస్వారీ నేర్చుకుంటోంది. "పిన్నీ, మొన్నొక కుక్క మా గుర్రం కాళ్ల మధ్యకి దూరింది. పై ప్రాణాలు పైనే పోయాయి. అలాంటప్పుడేం చెయ్యాలి?" అంది. కొత్తగా వెళ్లేవాళ్లు ఇంకెవరికైనా పనికొస్తుందని, తనకు చెప్పిందే రాస్తున్నాను.

ఊళ్లో మనకు అలవాటైన ఉపాయాలు రెండు. రాత్రిపూట అరండల్‌పేట సందుల్లో కుక్కలు స్కూటీ వెంటపడితే కాళ్లు పైకెత్తి యాక్సిలరేటర్ తిప్పేస్తాం. నడిచి వెళ్తుంటే రాయి తీసినట్టు వంగుతాం. గుర్రం మీద రెండూ ముప్పే.

నేను స్వారీ మొదలుపెట్టిన రెండో ఏడు, ఊరి బయట బ్రైడిల్‌వే మీద, అంటే నడిచేవాళ్లూ సైకిళ్లూ గుర్రాలూ కలిసి వాడుకునే దారిలో, ఓ పెద్ద కుక్క గట్టు దిగి ఉరికొచ్చింది. "ఏమీ చెయ్యదు, ఆడుకుంటుందంతే" అని దాని యజమాని దూరం నుంచే అరుస్తున్నాడు. నాకు స్కూటీయే గుర్తొచ్చింది. మడమలతో పొడిచి గుర్రాన్ని ఉరికించాను. పరుగెత్తేదాన్ని తరమడం కుక్క నైజం, తరిమితే పరుగెత్తడం గుర్రం నైజం. వంద గజాలు పోకముందే ముళ్లపొద పక్కన పడ్డాను. కాలర్ బోన్ విరిగింది. ఫోనేమో జీను సంచిలో ఉండి గుర్రంతోపాటే పోయింది. తడిగడ్డిలో పడి, డెక్కల చప్పుడు దూరమవుతుంటే వింటూ ఉండిపోయాను.

అందుకే చెబుతున్నా, ఆగండి. కుక్క కనపడగానే నడకలోకి దించండి. దగ్గరికొస్తే పూర్తిగా ఆపి, గుర్రం ముఖం మెల్లగా కుక్కవైపు తిప్పండి. గుర్రానికి కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి చుట్టూ దాదాపు అంతా కనపడుతుంది. సరిగ్గా తోక వెనక మాత్రం చూపు ఆనదు. కుక్క అక్కడికి చేరితే భయంతో తన్నుతుంది, ఆ తన్నుకు కుక్క చచ్చిపోవచ్చు కూడా. ఎదురుగా కనపడుతుంటే గుర్రానికి ధైర్యం. అంత పెద్ద జంతువు తనవైపు తిరిగి నిలబడితే చాలా కుక్కలు వెనక్కి తగ్గుతాయి. చుట్టూ తిరిగి వెనక్కి చేరాలని చూస్తే మీరూ దాంతోపాటే తిప్పుతుండండి. పగ్గాలు బిగబట్టకండి, మీ చేతి వణుకు కళ్లెం దాకా పోతుంది. రౌతు కొద్దీ గుర్రం అని మనవాళ్లు ఊరికే అనలేదు. నేనైతే తెలుగులోనే "ఏం కాదు నాన్నా, ఉండుండు" అంటాను. ఆ గొంతుకి చెవి ఒకటి నా వైపు తిప్పుతుంది.

యజమానితో పోట్లాటకు దిగకండి, మీరు అరిస్తే గుర్రం బెదురుతుంది. "ముందు కుక్కని పట్టుకోండి, అప్పుడు వెళ్తాను" అని చెప్పి నిలబడండి. పట్టుకున్నాక నడకతోనే దాటండి. తొందరపడి దిగొద్దు, కుక్క పళ్లకీ గుర్రం డెక్కలకీ మధ్య చిక్కుకుంటారు. గుర్రం ఇక నిలవదని తెలిసిపోతే మాత్రం పడేకన్నా దిగడం నయం.

వీసా మీద ఉన్నాం, మనకెందుకీ గొడవని చాలామంది ఊరుకుంటారు. ఊరుకోవద్దు. ఇంగ్లండ్‌లో 1991 నాటి డేంజరస్ డాగ్స్ చట్టం ప్రకారం, కరవకపోయినా సరే, కరుస్తుందని మనిషి భయపడేలా కుక్కను అదుపు తప్పనిస్తే యజమానిది నేరమే. ప్రమాదం ఇంకా నడుస్తుంటే అక్కడి అత్యవసర నంబరు 999కి, తర్వాతైతే పోలీసుల మామూలు నంబరు 101కి ఫోన్ చెయ్యండి. బ్రిటిష్ హార్స్ సొసైటీ వాళ్ల హార్స్ ఐ యాప్‌లో కూడా నమోదు చెయ్యండి.

అక్కడి కుక్కల్లో రేబిస్ లేదు. అయినా కరిస్తే గాయం కడిగి డాక్టరుకి చూపించాలి. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు మాత్రం ఆ ధీమా వద్దు. గుంటూరులో వీధికుక్క గీరినా 15 నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి, ఆరోజే ఆస్పత్రికెళ్లి టీకా మొదలుపెట్టాలి.

అంతా విని ఆ అమ్మాయి, "నేనూ ఫోన్ జీను సంచిలోనే పెడతాను పిన్నీ" అంది. సాయంత్రం ఇద్దరం లక్ష్మీపురం వెళ్లి నడుముకి కట్టుకునే పౌచ్ ఒకటి కొన్నాం.