పసుపు త్రిభుజం కనపడగానే డ్రైవర్ కోసం పరుగెత్తకు

చి. శ్రావణ్‌కు మేనత్త ఆశీస్సులు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీలో తీసుకున్న సెకండ్ హ్యాండ్ డెల్ లాటిట్యూడ్ ల్యాప్‌టాప్‌కి ఫార్మాట్ కొట్టాక, లోపలి భాగాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో నాలుగు పసుపు త్రిభుజాలు మిగిలాయని రాశావు. ఆ భాగాన్ని విండోస్‌తో కలిపి నడిపే ప్రోగ్రామ్, అంటే డ్రైవర్, లేదని ఆ గుర్తు ఎక్కువగా చెప్తుంది. రెండింటికి "అన్‌నోన్ డివైస్" అని తప్ప పేరే లేదన్నావు. అన్నీ ఒకేసారి సరిచేసే డ్రైవర్ ప్యాక్ ఎక్కించమని ఫ్రెండ్ సలహా ఇచ్చాడట. అది మాత్రం వద్దు నాన్నా. ఆ ప్యాకులు నీ మెషిన్‌లో ఏముందో సరిగ్గా చూడకుండానే పోలికలున్న డ్రైవర్ ఏదో ఒకటి తగిలిస్తాయి, పనిలో పనిగా అడగని ప్రోగ్రాములు కూడా దించుతాయి. బాగా నడుస్తున్న టచ్‌ప్యాడ్, వైఫై దాంతో చెడిపోవచ్చు. ముందు ఆ వస్తువు ఏమిటో తేల్చుకో. డ్రైవర్ సంగతి ఆ తర్వాత.

మన దగ్గర సెకండ్స్‌లో దొరికే లాటిట్యూడ్‌లు, ఎలైట్‌బుక్‌లు, థింక్‌ప్యాడ్‌లు చాలావరకు ఐటీ కంపెనీలు వాడి వదిలేసినవే. ఆఫీసుల కోసం తయారైనవి కాబట్టి వాటిలో వేలిముద్ర రీడర్, స్మార్ట్‌కార్డ్ స్లాట్, ల్యాప్‌టాప్ చేజారితే హార్డ్ డిస్క్‌ను కాపాడే సెన్సర్ లాంటివి ఉంటాయి. కొత్తగా ఎక్కించిన విండోస్‌కి వీటన్నిటి డ్రైవర్లూ ఉండవు. త్రిభుజం ఉందంటే మెషిన్ పాడైందని కాదు, కంగారు పడకు.

మొదట విండోస్‌నే పని చెయ్యనివ్వు. వైఫై ఇంకా రాకపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యి, చాలాసార్లు వేరే డ్రైవర్ లేకుండానే నెట్ వస్తుంది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ఆప్షనల్ అప్‌డేట్స్ వరకు వెళ్లు. అక్కడ డ్రైవర్ అప్‌డేట్స్ అనే వరుస ఉంటుంది. కొత్త ఫార్మాట్ మీద అందులో ఉన్నవి వేసుకోవచ్చు. రీస్టార్ట్ చేసి మళ్లీ చూడు, ఎందుకంటే ఒక్కోసారి ఒక డ్రైవర్ పడ్డాకే దాని వెనకున్న ఇంకో డివైస్ బయటపడుతుంది. ఇంత చేశాక కూడా మిగిలినవే నీ అసలు పని.

ఇక ముఖ్యమైన సంగతి. త్రిభుజం ఉన్న పేరు మీద డబుల్ క్లిక్ చేస్తే చిన్న కిటికీ తెరుచుకుంటుంది. జనరల్ ట్యాబ్‌లో ఎర్రర్ కోడ్ ఉంటుంది, అది రాసిపెట్టుకో. తర్వాత డీటెయిల్స్ ట్యాబ్‌లో ప్రాపర్టీ అనే పెట్టె నొక్కి హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకో. నాలుగైదు వరుసలు కనిపిస్తాయి. చేత్తో టైప్ చెయ్యకు, రైట్ క్లిక్ చేసి కాపీ చేసుకో. ఒక్క అంకె తప్పినా వేరే చిప్ అయిపోతుంది.

ఆ వరుస తెరమీద ఇంగ్లిష్ అక్షరాల్లో ఇలా ఉంటుంది: పీసీఐ\వెన్_8086&డెవ్_9డీ3ఏ&సబ్‌సిస్_07ఏ71028&రెవ్_21. చూడటానికి గజిబిజిగా ఉన్నా నీకు కావలసినదంతా ఇందులోనే ఉంది. వెన్ తర్వాతి నాలుగు అంకెలు చిప్ తయారీదారువి. 8086 అంటే ఇంటెల్. 10డీఈ ఎన్‌విడియా, 1002 గానీ 1022 గానీ ఏఎండీ, 10ఈసీ రియల్‌టెక్, 14సీ3 మీడియాటెక్, 168సీ అథెరాస్, 14ఈ4 బ్రాడ్‌కామ్. డెవ్ తర్వాతివి ఆ కంపెనీ చేసిన చిప్‌లలో ఇది ఏదో చెప్తాయి. 9డీ3ఏ అంటే ఇంటెల్ మేనేజ్‌మెంట్ ఇంజిన్, బోర్డు మీద మెషిన్ నిర్వహణ చూసుకునే చిన్న భాగం. డివైస్ మేనేజర్ దీన్ని "పీసీఐ సింపుల్ కమ్యూనికేషన్స్ కంట్రోలర్" అని చూపిస్తుంది కాబట్టి చాలామంది మోడెమ్ అనుకుని డ్రైవర్ కోసం తప్పు చోట వెతుకుతారు.

సబ్‌సిస్‌లో చివరి నాలుగు అంకెలు ల్యాప్‌టాప్ లేదా బోర్డు చేసినవాళ్లవి. 1028 డెల్, 103సీ హెచ్‌పీ, 17ఏఏ లెనోవో, 1043 ఏసుస్, 1458 గిగాబైట్. సెకండ్ హ్యాండ్ మెషిన్‌లో ఇవి తప్పక చూడాలి. ఇంటెల్ వైఫై కార్డులకు డెల్ బిగించినా ఇక్కడ 8086 ఉండటం మామూలే. కానీ నీ డెల్‌లో వైఫై కార్డు సబ్‌సిస్ హెచ్‌పీదో లెనోవోదో అయితే, ఆ కార్డు మధ్యలో ఎవరో మార్చి ఉండొచ్చు. అప్పుడు డెల్ సైట్‌లో గంటలు గడిపినా లాభం లేకపోవచ్చు, చిప్ కంపెనీ డ్రైవరే వెతుక్కోవాలి.

అదే జాబితాలో కింది వరుసల్లో సీసీ_ అని ఇంకో ముక్క ఉంటుంది. చిప్ పేరు దొరకకపోయినా వస్తువు జాతి అది చెప్పేస్తుంది. 0280 అయితే సాధారణంగా వైఫై, 0200 ల్యాన్, 0300 గ్రాఫిక్స్, 0403 సౌండ్, 0సీ05 ఎస్ఎమ్ బస్ (బోర్డు మీది చిన్న భాగాలు మాట్లాడుకునే దారి), 0780 ఇందాక చెప్పిన మేనేజ్‌మెంట్ ఇంజిన్ రకం, 1180 అయితే ఇంటెల్ మెషిన్లలో ఎక్కువగా వేడిని అదుపు చేసే థర్మల్ భాగం.

ఐడీ ఏ మాటతో మొదలైందో కూడా గమనించు. పీసీఐ అంటే బోర్డు మీద చిప్ లేదా స్లాట్‌లో కార్డు. యూఎస్‌బీ అంటే బయట గుచ్చినదే అనుకోకు. ల్యాప్‌టాప్‌లో కెమెరా, బ్లూటూత్, వేలిముద్ర రీడర్ కూడా ఎక్కువగా లోపల యూఎస్‌బీ మీదే ఉంటాయి. రూట్ అని మొదలైతే అది వస్తువే కాదు, చాలాసార్లు ఏదో వీపీఎన్ గానీ ఎమ్యులేటర్ గానీ వదిలిపోయిన జాడ. డ్రైవర్ వెతక్కు, ఆ ప్రోగ్రామ్ తీసెయ్యి.

నువ్వన్న పేరులేని రెండూ ఏసీపీఐ రకం, అంటే బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్ విండోస్‌కి పరిచయం చేసే చిన్న భాగాలు, అయి ఉండొచ్చు. వీటికి వెన్, డెవ్ అంకెలు పీసీఐ లాగా ఉండవు, కంపెనీ పెట్టుకున్న గుర్తు ఉంటుంది. డెల్‌లో ఎస్‌ఎంఓ8800 లేదా ఎస్‌ఎంఓ8810 కనిపిస్తే అది చేజారినప్పుడు పనిచేసే ఫ్రీ ఫాల్ సెన్సర్. నీ మెషిన్‌లో హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేసి ఉంటే దానికి పనేమీ లేదు. డ్రైవర్ వేసినా, రైట్ క్లిక్ చేసి డిసేబుల్ చేసినా ఒకటే. హెచ్‌పీలో హెచ్‌పీక్యూ6001 వైర్‌లెస్ బటన్, హెచ్‌పీక్యూ0004 ఆ ఫ్రీ ఫాల్ లాంటి సెన్సరే. లెనోవోలో వీపీసీ2004 వస్తే అది పవర్ మేనేజ్‌మెంట్ డ్రైవర్ అడుగుతోంది.

ఇంకోటి "బ్రాడ్‌కామ్ యూఎస్‌హెచ్" అని, యూఎస్‌బీ విడ్_0ఏ5సీ (యూఎస్‌బీలో విడ్ కంపెనీ అంకె, పిడ్ వస్తువు అంకె) అని ఉందా? అది డెల్ కంట్రోల్‌వాల్ట్, వేలిముద్రా స్మార్ట్‌కార్డూ దాని చేతిలో ఉంటాయి. ఆ డ్రైవర్ ఎక్కేటప్పుడు లోపలి ఫర్మ్‌వేర్ (ఆ చిప్‌లోనే ఉండే ప్రోగ్రామ్) కూడా మారొచ్చు, కాబట్టి చార్జర్ పెట్టి మొదలుపెట్టు, మధ్యలో ఆపకు. 2025లో ఇందులో భద్రతా లోపాలు బయటపడ్డాయి. ఎక్కడో దొరికిన పాత ఫైలు కాకుండా డెల్ సైట్‌లోని తాజాదే వెయ్యి.

ఇప్పుడు డ్రైవర్ ఎక్కడ దించుకోవాలి? మొదటి చోటు ల్యాప్‌టాప్ కంపెనీ సైటే. డెల్‌కి ఏడు అక్షరాల సర్వీస్ ట్యాగ్ అడుగుతుంది. కింద స్టిక్కర్ మీదున్నది కాదు, ఆన్ చేస్తూ ఎఫ్2 నొక్కి బయాస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగ్స్ తెరలో) కనిపించేదే రాసుకో. సెకండ్స్ మెషిన్లకు కింది మూత మార్చడం మామూలే, స్టిక్కర్ ఇంకో మోడల్‌ది అయి ఉండొచ్చు. ఇంటెల్ ఆరు, ఏడు తరాల మోడల్ అయితే సైట్‌లో జాబితా విండోస్ 10 దగ్గరే ఆగిపోవచ్చు. ఏవో కొన్ని మినహాయింపులు తప్ప విండోస్ 11 ఎనిమిదో తరం నుంచే అధికారికంగా నడుస్తుంది కదా. నువ్వు 11 వేసి ఉంటే 64 బిట్ విండోస్ 10 డ్రైవర్లు ఎక్కువగా అలాగే పనిచేస్తాయి.

ఎక్కించే వరుస: ముందు చిప్‌సెట్ (బోర్డు మీది భాగాలను కలిపే చిప్‌లు), తర్వాత మేనేజ్‌మెంట్ ఇంజిన్, ఆ పైన గ్రాఫిక్స్, సౌండ్, నెట్‌వర్క్, చివర్లో వేలిముద్ర లాంటివి. చిప్‌సెట్ ఫైలు నిజానికి చాలా భాగాలకు పేర్లు పెట్టే పనే చేస్తుంది. ఎస్ఎమ్ బస్ కంట్రోలర్ త్రిభుజం దాంతోనే పోతుంది. ఒక్కోటి వేశాక రీస్టార్ట్ అడిగితే వాయిదా వెయ్యకు. మొదలుపెట్టే ముందు రీస్టోర్ పాయింట్ (ఏదైనా చెడితే వెనక్కి వెళ్లేందుకు విండోస్ పెట్టుకునే గుర్తు) ఒకటి పెట్టుకో.

కంపెనీ సైట్‌లో దొరకకపోతే మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్ ఉంది. వెతికే చోట వెన్, డెవ్ ముక్క వరకే అతికించు, సబ్‌సిస్ వద్దు. వచ్చేది జిప్ లాంటి క్యాబ్ ఫైలు, అది దానంతట అది ఇన్‌స్టాల్ అవదు. తెరిచి లోపలివన్నీ ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసుకో. డివైస్ మేనేజర్‌లో అప్‌డేట్ డ్రైవర్, బ్రౌజ్ మై కంప్యూటర్ అని ఆ ఫోల్డర్ చూపించు, సబ్‌ఫోల్డర్స్ టిక్కు ఉంచు.

సరిపోయే డ్రైవర్ ఈ ఫోల్డర్‌లో లేదని విండోస్ అంటే ఊరికే మళ్లీ మళ్లీ నొక్కకు. ఫోల్డర్‌లోని ఐఎన్ఎఫ్ ఫైలు (ఆ డ్రైవర్ ఏ చిప్‌లకో రాసి ఉండేది) నోట్‌ప్యాడ్‌లో తెరిచి, కంట్రోల్ ఎఫ్ కొట్టి నీ డెవ్ అంకెలు వెతుకు. లేకపోతే అది నీ చిప్ డ్రైవర్ కాదు, అక్కడితో తేలిపోయింది. ఉండి కూడా ఎక్కకపోతే ఏ విభాగంలో ఉందో చూడు. ఎన్‌టీఏఎండీ64 అంటే 64 బిట్ విండోస్, ఇంటెల్ ప్రాసెసర్‌కి కూడా అదే. ఎన్‌టీఎక్స్86 కింద మాత్రమే ఉంటే అది 32 బిట్‌ది. "లెట్ మీ పిక్" అని జాబితాలోంచి దగ్గరి పోలికలున్నదాన్ని బలవంతంగా తగిలించడం మాత్రం చెయ్యకు. త్రిభుజం పోయినా, మెషిన్ ఆగిపోయే బ్లూ స్క్రీన్ మొదలవ్వొచ్చు. ఎప్పుడైనా అలా జరిగితే సేఫ్ మోడ్‌లోకి (తప్పనిసరి డ్రైవర్లతో మాత్రమే విండోస్ తెరుచుకునే పద్ధతి) వెళ్లి రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కు. అంతకు ముందు డ్రైవరే లేకపోతే ఆ బటన్ పనిచెయ్యదు, అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ డివైస్ ఎంచుకో.

ఎర్రర్ కోడ్ రాసిపెట్టుకోమన్నాను కదా. 28 అంటే డ్రైవర్ లేదు, ఇప్పటిదాకా చెప్పిందంతా దానికే. 22 అంటే ఎవరో డిసేబుల్ చేశారు. 52 అంటే డిజిటల్ సంతకం కుదరలేదు, కొత్త వెర్షన్ వెతుకు, సెక్యూర్ బూట్ (సంతకం లేని ప్రోగ్రాములతో మెషిన్ మొదలవకుండా చూసే రక్షణ) తీసెయ్యమనే సలహాలు వినకు. 39 అంటే ఫైలు పాడైంది, లేదా విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసోలేషన్ కింద ఉండే మెమరీ ఇంటిగ్రిటీ అనే రక్షణ పాత డ్రైవర్‌ను ఆపింది.

43 దగ్గర ఆగి ఆలోచించాలి. దానితోపాటు హార్డ్‌వేర్ ఐడీలో విడ్_0000, పిడ్_0002 కనిపిస్తే ఆ యూఎస్‌బీ వస్తువు తన పేరే చెప్పలేకపోయిందన్న మాట. దానికి డ్రైవర్ ప్రపంచంలో ఎక్కడా లేదు, ఆ అంకెలు విండోస్ పెట్టినవి. కేబుల్ మార్చు, పోర్ట్ మార్చు, హబ్ తీసి నేరుగా గుచ్చు. ల్యాప్‌టాప్ ఆపి, చార్జర్ తీసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకుని మళ్లీ ఆన్ చెయ్యి. ఇంకో కంప్యూటర్‌లో కూడా అదే ఐడీ వస్తే పోయింది వస్తువే.

చవక డాంగిల్స్ (యూఎస్‌బీలో గుచ్చే చిన్న పరికరాలు) గురించి ఒక మాట, కోఠీ గుజరాతీ గల్లీలోంచి తెచ్చే ఆలోచన ఉందన్నావు కాబట్టి. రియల్‌టెక్ చిప్ ఉన్న కొన్ని వైఫై డాంగిల్స్ గుచ్చగానే విడ్_0బీడీఏ, పిడ్_1ఏ2బీ అని సీడీ డ్రైవ్‌లా కనిపిస్తాయి. పాడైనట్టు కాదు. డ్రైవర్ ఆ చిన్న డ్రైవ్‌లోనే ఉంటుంది, అది వేశాకే వైఫైగా మారుతుంది.

హార్డ్‌వేర్ తప్పా డ్రైవర్ తప్పా అని తేలకపోతే ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఇన్‌స్టాల్ చెయ్యకుండా "ట్రై" ఎంచుకో. అక్కడ వైఫై, సౌండ్ పనిచేస్తే వస్తువు మంచిదే. అక్కడ పనిచెయ్యకపోయినంత మాత్రాన పాడైందని తీర్పు ఇవ్వకు, కొన్ని చిప్‌లకు అందులోనూ డ్రైవర్ ఉండదు.

అన్నీ సర్దుకున్నాక ఆ డ్రైవర్లను దాచిపెట్టుకో. పెన్‌డ్రైవ్‌లో ఖాళీ ఫోల్డర్ ఒకటి చేసి, కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పీఎన్‌పీయుటిల్ /ఎక్స్‌పోర్ట్-డ్రైవర్ * అని ఇంగ్లిష్‌లో కొట్టి, పక్కనే ఆ ఫోల్డర్ దారి ఇవ్వు. బయటి నుంచి ఎక్కించిన డ్రైవర్లన్నీ అందులోకి వస్తాయి. మళ్లీ ఫార్మాట్ కొట్టినప్పుడు అప్‌డేట్ డ్రైవర్‌కి ఆ ఫోల్డర్ చూపిస్తే సరిపోతుంది, నెట్ కూడా అక్కర్లేదు.

ఈ లోపు ఏదైనా త్రిభుజం మొండికేస్తే హార్డ్‌వేర్ ఐడీ వరుసలన్నీ, ఎర్రర్ కోడ్, బయాస్‌లోని మోడల్ పేరు వాట్సాప్‌లో పంపు. స్క్రీన్ ఫొటో తియ్యకు, ఐడీని కాపీ చేసి అక్షరాల్లోనే పెట్టు.

నీ మేనత్త