హాస్టల్ బాత్రూమ్ వాడితే హెచ్‌పీవీ సోకుతుందా?

ప్రశ్న: నా వయసు 23. అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్‌లో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. మా అంతస్తులో అందరికీ ఒకటే బాత్రూమ్. ఈమధ్య మా రూమ్మేట్‌కు మర్మావయవాల దగ్గర పులిపిర్లు వస్తే, డాక్టర్ హెచ్‌పీవీ అని చెప్పారట. అప్పటి నుంచి నాకు భయం పట్టుకుంది. టాయ్‌లెట్ సీటుకు శానిటైజర్ కొట్టి, దానిమీద కూర్చోకుండానే పని కానిస్తున్నాను. ఆఫీసుకు వెళ్లేదాకా మూత్రం ఆపుకుంటున్నాను. రోజూ యాంటీసెప్టిక్ లోషన్ కలిపిన నీళ్లతో కడుక్కుంటున్నాను. టీకా వేయించుకుందామంటే, ఖమ్మం జిల్లాలో ఆ టీకాతో పిల్లలు చనిపోయారని, అయినా పెళ్లికాని పిల్లకు అదెందుకని అమ్మ అడ్డుపడుతోంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: హెచ్‌పీవీ అంటే హ్యూమన్ పాపిలోమా వైరస్. దీనిలో కొన్ని రకాలు పులిపిర్లకు, కొన్ని గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమవుతాయి. టాయ్‌లెట్ సీటు వల్లగానీ, ఇతరులు వాడిన మగ్గు వల్లగానీ జననాంగాలకు ఇది సోకుతుందని చెప్పడానికి తగిన ఆధారాలు లేవు. ఈ వైరస్ ప్రధానంగా లైంగిక సంబంధంలో, చర్మానికి చర్మం నేరుగా రాసుకున్నప్పుడు ఒకరి నుంచి ఒకరికి చేరుతుంది. చర్మం మీద పడినంత మాత్రాన అది నిలదొక్కుకోలేదు. రాపిడి వల్ల ఏర్పడే, కంటికి కనిపించనంత సన్నని గీతల గుండా చర్మపు అడుగు పొర దాకా వెళ్లగలిగితేనే ఇన్‌ఫెక్షన్ మొదలవుతుంది. సీటుకు ఆనేది తొడల వెనుక భాగమే కాబట్టి అక్కడ అలాంటి అవకాశం దాదాపుగా లేదు. పైగా ఈ వైరస్‌కు కొవ్వు పొర ఉండదు కనుక మీరు కొడుతున్న ఆల్కహాల్ శానిటైజర్‌కు అది అంత తేలిగ్గా లొంగదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ బాత్రూమ్ కాదు, దాని భయంతో మీరు చేస్తున్న పనులు. గంటల తరబడి మూత్రం బిగబట్టడం వల్ల, సీటుకు ఆనకుండా సగం వంగి కూర్చోవడంతో మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకపోవడం వల్ల మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లు వచ్చే అవకాశం పెరుగుతుంది. యోనిలో సహజంగా ఉండే మేలు చేసే బ్యాక్టీరియా అక్కడి ఆమ్లత్వాన్ని కాపాడుతూ ఉంటుంది. యాంటీసెప్టిక్ లోషన్లు దాన్ని దెబ్బతీసి, మంటకు, దురదకు, దుర్వాసనతో కూడిన తెల్లబట్టకు దారితీస్తాయి. పైభాగాన్ని మామూలు నీళ్లతో కడుక్కుంటే చాలు, లోపల కడగవలసిన అవసరమే లేదు. లోషన్ ఈ రోజే మానేయండి.

ఉమ్మడి బాత్రూమ్‌లో నిజంగా అంటుకునేవి వేరే ఉన్నాయి. ఒకరి తువ్వాలు, లోదుస్తులు, రేజర్ మరొకరు వాడితే తామర, గజ్జి వంటివి వ్యాపిస్తాయి. తడి నేల మీద వట్టి కాళ్లతో తిరిగితే అరికాళ్లలో పులిపిర్లు రావచ్చు. అవీ హెచ్‌పీవీ కుటుంబంలోని వైరస్‌లతో వచ్చేవే గానీ క్యాన్సర్ కలిగించే రకాలు కావు. కాబట్టి బాత్రూమ్‌కు విడిగా రబ్బరు చెప్పులు పెట్టుకోండి, నేలను బ్లీచింగ్ పౌడర్‌తో కడిగించమని హాస్టల్ వారిని అడగండి. చాలామంది అమ్మాయిలు మొహమాటంతో లోదుస్తులను బాత్రూమ్ తలుపు వెనుకో, చున్నీ కిందో ఆరేసి, చెమ్మ పూర్తిగా పోకముందే వేసుకుంటూ ఉంటారు. గజ్జల్లో తామర తగ్గినట్టే తగ్గి మళ్లీ రావడానికి ఇదొక కారణం. వాటిని ఎండలో ఆరేయడానికి సిగ్గుపడవలసిన పని లేదు.

మీ రూమ్మేట్ విషయానికొస్తే, జననాంగాల పులిపిర్లలో దాదాపు 90 శాతం హెచ్‌పీవీలోని 6, 11 నంబర్ల రకాల వల్ల వస్తాయి. క్యాన్సర్ ముప్పు ఎక్కువగా ఉన్నవి 16, 18 రకాలు. చికిత్సతో పులిపిర్లు పోతాయి. ఈ వైరస్ ఏ లక్షణమూ లేకుండా ఏళ్ల తరబడి శరీరంలో ఉండగలదు కాబట్టి ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో చెప్పడం చాలాసార్లు సాధ్యం కాదు. దాన్ని బట్టి ఆ అమ్మాయి నడవడి గురించి ఎవరూ ఒక నిర్ణయానికి రాకూడదు. ఆమెతో గది, భోజనం, బాత్రూమ్ పంచుకోవడం వల్ల మీకు ప్రమాదం లేదు.

నిజమైన రక్షణ టీకాలోనే ఉంది. మీ అమ్మగారి భయం ఊరికే పుట్టింది కాదు. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో ఒక అధ్యయనంలో భాగంగా బాలికలకు ఈ టీకా వేశారు. కొందరు బాలికల మరణవార్తలతో 2010లో దాన్ని ఆపేశారు. వాటిలో నీట మునగడం, పాముకాటు, పురుగుమందు, మలేరియా వల్ల సంభవించినవి ఉన్నాయి, టీకా వల్లే చనిపోయారని విచారణలో తేలలేదు. అయితే తల్లిదండ్రులను అడగకుండా వార్డెన్ల సంతకాలతో పిల్లలకు టీకా వేయడం ముమ్మాటికీ తప్పే, ఆనాటి ఆగ్రహం న్యాయమైనదే. ఆ తప్పు జరిగిన పద్ధతిది, మందుది కాదు. ఆ తరువాత ప్రపంచవ్యాప్తంగా కోట్లాది మంది ఈ టీకా వేయించుకున్నారు.

పెళ్లికాని పిల్లకు ఎందుకంటే, వైరస్ సోకకముందు వేస్తేనే టీకా పూర్తిగా పనిచేస్తుంది. అప్పటికే ఉన్న ఇన్‌ఫెక్షన్‌ను అది తొలగించలేదు. 9 నుంచి 14 ఏళ్ల వయసు అన్నిటికంటే అనువైనదైనా, మీ వయసులోనూ మంచి ప్రయోజనం ఉంటుంది. మీకు మూడు డోసులు పడతాయి: మొదటిది వేసుకున్నాక రెండు నెలలకు ఒకటి, ఆరు నెలలకు ఇంకొకటి. 2023 నుంచి మన దేశంలో తయారైన సెర్వావాక్ అనే హెచ్‌పీవీ టీకా కూడా దొరుకుతోంది. ముందుగా హెచ్‌పీవీ పరీక్ష చేయించుకోనక్కరలేదు. సూది వేశాక కొందరికి కళ్లు తిరుగుతాయి కనుక ఓ పావుగంట అక్కడే కూర్చోండి. ముందుముందు లైంగిక జీవితంలో కండోమ్ వాడకం ముప్పును తగ్గిస్తుంది గానీ పూర్తిగా తొలగించదు.

మీకు స్క్రీనింగ్‌కు, అంటే లక్షణాలు లేకుండానే ముందుగా చేసే క్యాన్సర్ పరీక్షకు, ఇంకా సమయం ఉంది. మీ అమ్మగారిని మాత్రం ఈసారి మీరే వెంటబెట్టుకుని వెళ్లండి. మన జాతీయ కార్యక్రమం ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల మహిళలకు అయిదేళ్లకోసారి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయాలి. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, నెలసరి ఆగిపోయింది, ఇక మనకెందుకని చాలామంది తల్లులు ఊరుకుంటారు. వైరస్ పాతుకుపోయిన తరువాత క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది కాబట్టి పరీక్ష అవసరం ఉన్నది సరిగ్గా ఆ వయసులోనే. నెలసరి ఆగాక మళ్లీ రక్తం కనిపించినా, కలయిక తరువాత రక్తస్రావమైనా, దుర్వాసనతో స్రావం అవుతున్నా వచ్చే నెల చూద్దామనుకోకుండా వెంటనే గైనకాలజిస్ట్‌కు చూపించండి.